క్రేన్ మీద ఎవరూ లేరు

ఫిబ్రవరి 3

మహారాజశ్రీ మావయ్య గారి పాదాలకు, ఆ పాదాలకున్న ఇనప ముక్కు బూట్లకు కూడా, మేనల్లుడు సాగిలపడి సమర్పించుకునే క్షమాపణ పత్రం.

ముందుగా నన్ను క్షమించాలి. జలసంధి మూతపడినందుకు క్షమించాలి. అక్కడ రెండు చమురు ఓడలు తగలబడి, మూడోది నడుం విరిగి మునిగినందుకు క్షమించాలి. పాత పెద్ద దేశమూ, కొత్తగా పెద్దదైన దేశమూ ఒకదాని జుట్టు ఒకటి పట్టుకున్నందుకు, ఆ జుట్ల మధ్య మీ రేవు పేనులా చిక్కుకున్నందుకు, మీ ప్రభుత్వం అప్పు తీర్చలేక రేవుని ఎవరికో కౌలుకిచ్చినందుకు, ఆ ఎవరో దాన్ని ఇంకెవరికో తిరిగి కౌలుకిచ్చినందుకు, గోధుమలు, బోల్టులు, బ్యాటరీలు, వీటన్నిటి ధరలకూ పేరుపేరునా క్షమించాలి. ఇవన్నీ నేను చేశానని కాదు. ఇంట్లో ఏం పగిలినా నువ్వు ముందు నా చెవే పట్టుకునేవాడివి. ఆ అలవాటు కొద్దీ చెవి ముందుగానే పంపిస్తున్నాను.

మీ ఊళ్ళో ఫోన్లు ఆపేశారని తెలిసింది. అందుకే ఈ కాగితం. మన వంటాయన పనిచేసే ఓడ ఇక్కడికీ అక్కడికీ తిరుగుతూనే ఉంటుంది కదా, ఉత్తరాన్ని పిండి డబ్బాలో దాచి తెస్తానన్నాడు. తెల్లగా కనిపిస్తే నేను పవిత్రుణ్ణయ్యానని అనుకోకు, దులుపుకుని చదువు.

ఇక్కడ నా ఉద్యోగం దివ్యంగా ఉంది. పదకొండో అంతస్తు, చల్లటి గది, మెత్తటి కుర్చీ. ఏం పని అంటావా? సరుకు రవాణా సమన్వయం. నాకే అర్థం కాలేదు కాబట్టి నువ్వు కంగారు పడాల్సిన పని లేదు. పొద్దున్న కూర్చుంటాను, సాయంత్రం లేస్తాను, మధ్యలో ప్రపంచం కదులుతుంది. నా వల్లే కదులుతోందని మా మేడమ్ అంటుంది. జీతం పెంచమని అడిగితే మాత్రం నేను లేకపోయినా కదులుతుందంటుంది.

నీ కూతురు పిడుగు ఎలా ఉంది? చిన్నప్పుడు నా ముందు పన్ను ఊడగొట్టిన చేత్తో ఇప్పుడు క్రేన్లకి వైర్లు కలుపుతోందంటే, నాకు క్రేన్ల మీద జాలేస్తోంది. ఆ పన్ను ఇంకా దాని దగ్గరే ఉందేమో కనుక్కో.

ఇట్లు,
రెండు చెవులూ నీ అధీనంలో పెట్టిన
కోతి


ఫిబ్రవరి 21

ఒరేయ్ కోతీ,

నీ ఉత్తరం చేరింది. పిండి దులిపితే తుమ్ములొచ్చాయి. చదివాను. నవ్వు రాలేదు. నీ తప్పు కాదులే.

పొట్టిగాడు పోయాడ్రా.

నిన్ను భుజాల మీద ఎక్కించుకుని ఓడలు చూపించేవాడు చూడు, వాడు. వాడి భుజం మీదెక్కినా నీకు ఓడ కనపడేది కాదు, గోడే కనపడేది, అయినా చూశాను చూశాను అని అరిచేవాడివి. వాడూ నేనూ ఒకే రోజు కట్టుడు పనిలో చేరాం. ఓడ మీద పేర్చిన కంటైనర్ డబ్బాలు సముద్రంలో జారిపోకుండా ఇనప కడ్డీలతో బిగించడం, రేవులో విప్పడం. ఇన్నేళ్ళూ అదే పని. డబ్బాకీ డబ్బాకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు. వాడు ఆ సందులో కడ్డీ విప్పుతున్నాడు. పైనుంచి డబ్బా దిగడం మొదలైంది. చెయ్యి ఊపాను. అరిచాను. కడ్డీ పెట్టి ఇనుము మీద బాదాను. ఎవరి కోసం బాదానో చెప్పు? ఇదివరకు పైన క్యాబిన్‌లో ఒక మనిషి ఉండేవాడు. కిందకి చూసేవాడు, మా అమ్మానాన్నల్ని తిట్టేవాడు, తిడుతూనే ఆపేవాడు. ఇప్పుడా అద్దాల గదిలో కాకి రెట్ట తప్ప ఏమీ లేదు. క్రేన్ దానంతటదే నడుస్తుందట.

డబ్బా దిగింది. వాడు తలుపు సందులో పడ్డ బల్లిలా అయ్యాడు. వాడి హెల్మెట్ పగిలిన చప్పుడూ, వాడి తల పగిలిన చప్పుడూ విడివిడిగా వినిపించాయి నాకు. చంపితే చంపింది, అది ఆగలేదు చూడు, అదిరా నాకు మింగుడు పడనిది. మళ్ళీ లేచి ఇంకో డబ్బా తేవడానికి పోయింది. మేం వాణ్ణి బయటికి లాగుతుంటే మా నెత్తి మీద నుంచే ఆ రెండో డబ్బా వెళ్ళింది. వాడి నెత్తురు మరక నా చొక్కా మీద ఇంకా పోలేదు.

మేం అడిగింది ఒక్కటే. పైన మనిషి ఉండాలి. దానికి సమాధానంగా కంపెనీ మేనేజర్‌ని పంపలేదు, బూట్ల కెప్టెన్ని పంపింది. మేం పెట్టిన పేరే. వాడు ఎన్ని రాజ్యాలకి కిరాయికి తుపాకీ పట్టాడో వాడికే గుర్తుండదట. జలసంధి మూసేశాక ఓడలన్నీ మన రేవుకే తిరిగాయి కదా, ఒక్క పూట ఆగినా రెండు పెద్ద దేశాలకీ కడుపు మండుతుంది. అందుకని వీణ్ణి దింపారు. నిన్న గేటు దగ్గర మావాడొకడి మోకాలి మీద తొక్కి నిలబడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు అవతలి గేటు దాకా వినిపించింది. తొక్కి, సిగరెట్ వెలిగించుకున్నాడు.

నువ్వు చదువుకున్నవాడివి. ఆ క్రేన్లని ఎవడు నడుపుతున్నాడో, అసలు ఎవడైనా ఉన్నాడో లేడో కనుక్కుని రాయి. ఉంటే మాత్రం వాడి చేతులు రెండూ మోచేతి దగ్గర విరిచి, వాడి మెడకే దండ కడతాను.

పిడుగుని పన్ను సంగతి అడిగాను. "మిగతావి ఇంకా వాడి దగ్గరే ఉన్నాయి కదా, పట్టుకుని రమ్మను" అంది.

మావయ్య


మార్చి 7

మావయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చేతిలో కడ్డీ ఉంటే పక్కన పెట్టు. పక్కన పిడుగు ఉంటే దాన్ని కూడా కొంచెం దూరంగా పెట్టు.

క్రేన్లని ఎవడు నడుపుతున్నాడో కనుక్కున్నాను. పెద్దగా శ్రమ పడలేదు. కుర్చీలో ఎడమ పక్కకి తిరిగి చూశానంతే.

సరుకు రవాణా సమన్వయం అంటే ఇదే. ఈ గదిలో వరసగా కుర్చీలు. ఒక్కో కుర్చీకి రెండు పిడులు, ఎదురుగా తెరలు. ఒక్కొక్కడు మూడేసి రేవుల్లో క్రేన్లు ఆడిస్తాడు. ఒక రేవులో పొద్దు పొడుస్తుంటే ఇంకో రేవులో దీపాలు వెలుగుతుంటాయి. మాకు మాత్రం ఎప్పుడూ ట్యూబులైటే. క్రేన్ తయారు చేసింది కొత్త పెద్ద దేశం. దాని బుర్ర పాత పెద్ద దేశానిది. ఇన్సూరెన్సు మంచు కురిసే దేశంలో ఎవరో ముసలాయనది. రేవు మీది. పిడి మాది. ఇందులో ఎవడి మెడకి దండ కట్టాలో తేల్చుకోలేక నువ్వు అలసిపోవాలన్నదే మొత్తం ఏర్పాటు అని నా ప్రగాఢ విశ్వాసం.

పొట్టి మావయ్య మీదకి డబ్బా దించింది నా ఎడమ కుర్చీవాడు. రాక్షసుడేం కాదు, పుట్టినరోజులకి గదిలో అందరికీ మిఠాయి పంచుతాడు. ఆ క్షణాన వాడి కళ్ళు రెండో రేవు తెర మీద ఉన్నాయి, అక్కడ గాలివాన. మనిషి అడ్డొస్తే క్రేన్ తనే ఆగాలి, దాని కంటికి ఉప్పు పట్టి మసకేసిందట. తెర మీద ఎర్రగా కనపడ్డాక వాడు చెత్తబుట్టలో కక్కుకున్నాడు. మేడమ్ వచ్చి బుట్ట మార్పించింది. తర్వాత ఆ పూట పని పూర్తి చేయించింది.

ఇక అసలు సంగతి. మీ రేవులో నాలుగో నంబరు క్రేన్ నాది. చెప్పలేదు, సిగ్గేసింది. మీ రేవు తెర మీదకి వచ్చిన మొదటి రోజే అంతమంది హెల్మెట్లలో నీ నడక పట్టేశాను, ఎడమ కాలు ఈడుస్తావు. మొన్న హెల్మెట్ తీసి తల గోక్కున్నావు. ఆకాశం నుంచి చూస్తే తెలుస్తోంది, నీ బట్టతల సరిహద్దులు కూడా గణనీయంగా విస్తరించాయి.

నా వల్ల మీకు ప్రమాదం ఏమీ లేదు. ఒట్టు. గాలిలో వేలాడే డబ్బాని మేం కావాలన్నా కింద పడెయ్యలేం, మా పిడికి అంత శక్తి ఇవ్వలేదు. అలా పడాలంటే క్రేన్ కాళ్ళ దగ్గర కరెంటు గదిలో ఎర్ర తాళం ఒకటి ఉంటుంది, అది తిప్పాలి. దాని చెవి కరెంటు పనివాళ్ళ దగ్గరే ఉంటుంది. అంటే ఎవరినైనా చంపాల్సి వస్తే నా కంటే నీ కూతురే సమర్థురాలు. ఎప్పట్లాగే.

ఇట్లు,
ఆకాశం నుంచి నీ నడినెత్తి చూసిన పుణ్యాత్ముడు


మార్చి 25

నా నెత్తి మీద తిరిగే గద్ద నా మేనల్లుడే అన్నమాట.

మీ అమ్మ నిన్ను కన్నరోజు ఆసుపత్రి బయట నిలబడింది నేను. నీ చదువుకి నా వెన్నుపూస అరిగింది. చదువుకుని నువ్వు నేర్చుకున్నది నా ఉద్యోగం, నా పొట్టిగాడి ఉద్యోగం, పైన క్యాబిన్‌లోని మనిషి ఉద్యోగం మూడూ కలిపి మింగి మెత్తటి కుర్చీలో కూర్చోవడం. పైగా జోకులు.

పది రోజులుగా సమ్మె. మేం గేట్లు మూస్తే మీరు క్రేన్లు తిప్పుతూనే ఉన్నారు. మేం నాలుగో నంబరు మీద రాళ్ళు రువ్వాం. నీ మీదేనట్రా రువ్వింది, ఇప్పుడు తెలిసింది. దాని కెమెరా కన్ను ఒకటి పగిలింది, కొట్టింది పిడుగే. దానికి బదులుగా బూట్ల కెప్టెన్ రబ్బరు గుళ్ళు పేల్పించాడు. మావాడొకడికి కన్ను పోయింది. గుంట చేత్తో మూసుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు, ఆసుపత్రికి వెళ్తే పట్టుకుంటారని. పెళ్ళాం తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసేసిందట.

నీ ఉత్తరం పిడుగుకి చూపించలేదు. చూపిస్తే ఈదుకుంటూ వస్తుంది నీ దగ్గరికి.

వచ్చే నెల మొదటి సోమవారం మేమందరం నాలుగో నంబరు కింద కూర్చుంటున్నాం. కావాలనే దాన్ని ఎంచుకున్నాను. నువ్వు ఎత్తుతావో దించుతావో చూస్తాను. వెన్నెముక అనేది ఉంటే ఆ కుర్చీలోంచి లేచి బయటికి పో. లేకపోతే నేను పోయాక కూడా నా గుమ్మం తొక్కకు.

మావయ్యని కాదు.
కట్టుడు గ్యాంగు మేస్త్రీ


ఏప్రిల్ 11

మావయ్యా, లేదా మేస్త్రీ గారూ,

బతికే ఉన్నావా? ముందది చెప్పు. తిట్టాలన్నా బతికుండాలి, కాబట్టి తిడుతూ రాయి.

నేను కుర్చీలోంచి లేవలేదు. లేచి ఉంటే నా చోట ఇంకొకడు కూర్చునేవాడు, వాడికి నీ నడక తెలియదు. కనీసం నేనుంటే మీ మీదుగా డబ్బా తిప్పకుండా ఉంటాననుకున్నాను. ఇది పిరికితనానికి చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాలా వినిపిస్తోందని నాకూ తెలుసు.

ఆ సోమవారం పొగ చూశాను. జనం పరిగెత్తడం చూశాను. ఆ తర్వాత తెర ఆరిపోయింది. నాలుగో నంబరు దగ్గర ఏమైందో నాకు తెలియదు. ఇక్కడి పేపర్లో మూలన చిన్న వార్త వచ్చింది, సమ్మెదారుల విద్రోహం వల్ల భద్రతాధికారి మృతి అని. అంతకు మించి తెలియదు. పై పేజీ నిండా రెండు పెద్ద దేశాల నాయకులు ఏదో హోటల్లో చేతులు కలుపుకుంటున్న ఫోటో ఉంది. జలసంధి తెరుస్తారట.

నన్ను మీ రేవు నుంచి మార్చేశారు. పైగా పెద్ద పోస్టు ఇచ్చారు. మేడమ్ పిలిచి ఏమీ అడగలేదు, కాఫీ ఇచ్చింది. ఆవిడ ఎవరికీ కాఫీ ఇవ్వదు. ఇప్పుడు నాకు కిటికీ పక్క కుర్చీ. కిటికీలోంచి అవతలి మేడ కిటికీ కనిపిస్తుంది.

పిడుగు ఎలా ఉంది? ఒక్క మాట రాయి. దాని చేత్తోనే రాయించు. బూతులైనా పరవాలేదు.

కోతి


మే 4

ఒరేయ్ అల్లుడూ,

జైలు నుంచి రాస్తున్నాను. ఈ కాగితం పిడుగు బయటికి తీసుకెళ్ళి వంటాయనకి ఇస్తుంది. అది మడత విప్పి చదవదు, నా మీద ఒట్టు వేయించుకున్నాను.

నేను బతికే ఉన్నాను. అదీ బతికే ఉంది. నువ్వు చూడలేదు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

ఆ సోమవారం పొద్దున్నే నాలుగో నంబరు కింద కూర్చున్నాం. పైన డబ్బా వేలాడుతూనే ఉంది, కదల్లేదు. నీ కోతి బుద్ధికి కొంచెం సిగ్గొచ్చిందనుకున్నాను. నీళ్ళ లారీ వచ్చింది. మమ్మల్ని చెదరగొట్టడానికి తెచ్చిన లారీ, డ్రైవరు మాత్రం కిరాయికి వచ్చిన మామూలు మనిషి. "ఎండగా ఉంది, ముందు తాగండి, తర్వాత తడుపుతాను" అని పంపు తిప్పి మా సీసాలు నింపాడు. నవ్వుకున్నాం కూడా.

అప్పుడు కెప్టెన్ వచ్చాడు. ఈసారి రబ్బరువి కాదు. ముందు వరసలో నలుగురు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారు. ఒకడి మెడలోంచి నెత్తురు నా బూట్ల మీదకి కుళాయిలా చిమ్మింది. నేను కడ్డీ తీసుకుని ఒకడి దవడ పగలగొట్టాను, అబద్ధం ఎందుకు. ఇంకొకడి చెయ్యి విరిచాను. వాళ్ళు నా పక్కటెముకలు విరిచారు. ఆ గందరగోళంలో పిడుగు కరెంటు గదిలోకి దూరడం చూశాను. కెప్టెనే వెళ్ళి దాన్ని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. కింద పడేసి ముఖం మీద తొక్కాడు. దవడ విరిగింది. మళ్ళీ తొక్కాడు. తర్వాత బూటుకి రక్తం అంటిందని కాస్త వెనక్కి జరిగి, వేలాడే డబ్బాకి సరిగ్గా కింద ఆగి ఉన్న లారీకి ఆనుకుని, తీరిగ్గా పిస్టలు తీశాడు. నేను మోకాళ్ళ మీద పాకుతున్నాను. అందుకోలేనని నాకు తెలుసు.

డబ్బా పడింది. మామూలుగా దిగే వేగం కాదు. కెప్టెనూ లారీ ముందు భాగమూ ఒకటే రేకు అయ్యాయి. డ్రైవరు కూడా అందులోనే. ఆయన్ని తియ్యడానికి గ్యాస్‌తో రేకు కోశారట. నాకు నిద్ర పట్టనిది ఆయన గురించే. నా సీసాలో ఆయన పట్టిన నీళ్ళు అప్పటికింకా సగం ఉన్నాయి.

ఎవరు చేశారో నాకు తెలుసు. అది కరెంటు గదిలోకి వెళ్ళింది, తాళం తిప్పింది, బయటికి ఈడ్చాక కాసేపటికి డబ్బా జారింది. నీ ఉత్తరం లేకపోతే ఆ ఎర్ర తాళం ఒకటుందని కూడా నాకు తెలిసేది కాదు. అందుకే పోలీసులు వచ్చి ఎవరు అనగానే నేనే అన్నాను. కూతురి తాళంచెవి దొంగిలించి, గదిలో దూరి తిప్పానని నువ్వు రాసిన మాటలే అప్పజెప్పాను. ఎంత చక్కగా రాశావంటే వాళ్ళు మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కంపెనీ వాళ్ళు కూడా అవునవును అలాగే జరుగుతుంది అన్నారు. నిన్ను తిట్టాను, మనసులో పెట్టుకోకు.

పిడుగుని నేనేమీ అడగలేదు. అడిగితే నిజం చెప్తుంది, దానికి అబద్ధం ఆడటం రాదు, మీ అత్త పోలిక. చూడ్డానికొచ్చినప్పుడు దవడకి తీగలు కట్టి ఉన్నాయి, మాట్లాడలేదు కూడా. నా చెయ్యి తీసుకుని కళ్ళకి అద్దుకుంది. తండ్రి అడ్డం పడ్డాడని కృతజ్ఞత. "నోరు బాగయ్యాక కూడా తెరవకు" అన్నాను. తల ఊపింది.

పెద్ద దేశాలు రెండూ రాజీ పడ్డాయి కదా, రేవు ఇప్పుడు సగం సగమట. సంతకాలకి ముందు ఈ కేసు తేలిపోవాలట. మా లాయరు మెత్తగా చెప్పాడు, ఉరి అని. వచ్చే నెల తీర్పు. నాకేం బెంగ లేదురా, మోకాళ్ళు ఎలాగూ పోయాయి. పిడుగుని చూసుకో. అది నిన్ను కొడితే కొట్టించుకో.

మీ మావయ్యని


మే 19

మావయ్యా,

ఈ ఉత్తరానికి రెండు కాపీలు. ఒకటి నీకు. ఒకటి మీ లాయరుకి, దాని మీద నా పూర్తి పేరూ సంతకమూ వేలిముద్రా ఉన్నాయి. వంటాయన ఈసారి ఉత్తరంతో పాటు నన్ను కూడా తెస్తున్నాడు. పిండి డబ్బాలో పట్టను కాబట్టి టికెట్ కొన్నాను. నా కంటే కాగితం ముందు నీ చేతికి రావాలని ముందే రాసి పెట్టాను, ఎందుకంటే నీ ముఖం చూస్తూ ఇవి చెప్పేంత ధైర్యం నాకు లేదు. దారిలో వస్తుందేమో చూడాలి.

నువ్వు పోలీసులకిచ్చిన వాంగ్మూలం వెనక్కి తీసుకో. పిడుగుని కాపాడాలని కదా ఇచ్చావు. అది ఏమీ చెయ్యలేదు. ఆ ఎర్ర తాళం నిజంగానే ఉంది, కానీ తిప్పితే క్రేన్ ఎక్కడికక్కడ బిగుసుకుపోతుంది, డబ్బా పడదు. నేను తిరగేసి రాశాను. పొట్టి మావయ్య సంగతి చదివాక, నువ్వు నా మోచేతుల గురించి రాసింది చదివాక భయం వేసింది. చంపే శక్తి నా చేతిలో లేదని నువ్వు నమ్మితే చాలనుకున్నాను. జోకు బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. పిడుగు ఆ గదిలోకి వెళ్ళింది క్రేన్‌ని ఆపడానికి. తాళం దాకా కూడా చేరలేదు, తలుపులోనే జుట్టు దొరకబుచ్చుకున్నాడు వాడు. చేరి ఉంటే అదే చచ్చిపోయేది, ఎందుకంటే డబ్బా దిగేది కాదు.

అది నీ చెయ్యి కళ్ళకి అద్దుకుంది కృతజ్ఞతతో కాదు మావయ్యా. ఎలా చేశావో తెలియకపోయినా నువ్వే చేశావని నమ్ముతోంది. నువ్వు దాన్ని కాపాడుతున్నావు, అది నీ రహస్యం కాపాడుతోంది. ఇద్దరూ కలిసి నన్ను కాపాడుతున్నారు. ఇంత గొప్ప కుటుంబం నాకు అక్కర్లేదు.

కంపెనీకి మొదటి రోజే తెలుసు. నా పిడి ఎటు కదిలిందో మేడమ్ దగ్గర మొత్తం ఉంది. నేను చేశానంటే ఇన్సూరెన్సు ముసలాయన పైసా ఇవ్వడు, సమ్మెవాళ్ళు చేశారంటే మొత్తం ఇస్తాడు. ఆ లెక్కలో నా కాఫీ, నా కిటికీ కుర్చీ, నీ ఉరితాడు అన్నీ సరిపోయాయి. కాఫీ నేను తాగేశాను. కుర్చీలో ఇన్నాళ్ళూ కూర్చున్నాను. తెర ఆరిపోయిందని నీకు రాశాను. తెర ఆరలేదు. మొత్తం చూశాను.

శబ్దం ఉండదు మావయ్యా అక్కడ. మీవాళ్ళు నలుగురు పడిపోయినప్పుడు నిద్ర ముంచుకొచ్చి వాలినట్టే కనిపించారు. నువ్వు పాకడం కనిపించింది. పిడుగు జడ ఊడిపోయి ఉంది. వాడు తొక్కినప్పుడల్లా దాని కాళ్ళు నేల మీద తన్నుకున్నాయి. వాడు పిస్టలు తీసే దాకా నేను ఏమీ చెయ్యలేదు. మా గదిలో నా పక్కనే ఎవరో సమోసా తెప్పించాలా పఫ్ తెప్పించాలా అని అరుచుకుంటున్నారు. మనిషి కనపడితే క్రేన్ తనే ఆగిపోతుంది కదా, ఆ కన్ను మూసే మీట కుర్చీ చెయ్యి కింద ఉంటుంది. అది నొక్కాను. పిడి ముందుకి తోశాను.

కెప్టెన్ గురించి నేను ఎవరినీ క్షమించమని అడగను. మళ్ళీ అవకాశం వస్తే ఇంకొంచెం ముందే తోస్తాను.

డ్రైవరు గురించి కోర్టులో ఏం చెప్పాలో ఇన్ని రోజులూ తయారు చేసుకున్నాను. బాగా కుదిరింది, విను. మీ రేవులో ఇప్పుడు సరుకు లారీలు చాలా వరకు మనుషులు లేకుండానే తిరుగుతాయి. క్రేన్ ఖాళీ, లారీ ఖాళీ, నా తెర మీద నడిచేవన్నీ ఖాళీవే. పైనుంచి లారీ పైకప్పు మాత్రమే కనిపిస్తుంది. అందులో మనిషి ఉంటాడని నేను అనుకోలేదు యువరానర్. ఎవరైనా నమ్ముతారు. లాయరు కాపీలో కూడా మొదట అలాగే రాశాను. చింపి మళ్ళీ రాశాను.

డబ్బా సగం దూరం దిగాక ఆ లారీ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి పైకి తిప్పి, ఆగు ఆగు అని ఊపింది. క్యాబిన్‌లో ఎవరో ఉన్నారనుకుని ఊపాడు ఆయన. పిడి వెనక్కి లాగడానికి నాకు వ్యవధి ఉంది. లాగితే పిడుగు పోతుంది.

ఆ చెయ్యి నేను చూశాను. చూస్తూనే చివరి దాకా దించాను.